మూత్రపిండముల వ్యాధి గుండెకు ప్రాకు విధము



గెడ్డనీటితో మళ్లు తడుపువారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. దిగువ మదుము పూడినచో నష్టము మదుముకడనే నిలువదు. నీరు పోవు దారి లేక పైమడి నిండును, గట్టు నానును, తుదకు ఎగువ ఎక్కడనో గండి పడును. గండిని మాత్రము పూడ్చి మదుమును మరచినవాడు మరుసటి వానకు మరల పార పట్టవలసినదే. మనుష్యశరీరమునందు మూత్రపిండములకును గుండెకును ఇట్టి సంబంధమే కలదు. మూత్రపిండములు చెడినవారిలో అనేకులు ఆ అవయవములు పూర్తిగా పనిమానివేయు దినమువరకు బ్రదుకరు. అంతకు ముందే గుండెజబ్బు వారిని తీసికొనిపోవును. ఇది ఎరిగిన కుటుంబము ముందుగా జాగ్రత్తపడును. ఎరుగని కుటుంబము "నిన్నటిదాక నడచి తిరిగినవాడే" యని వగచును. అందుచేత ఈ నెల పాఠమునకు మేము ఈ విషయమును తీసికొంటిమి.

మేము వైద్యులము కాము; పంటల మెలకువలు చూపువారము. అయినను పైరు పెంచు మనుష్యుడు మంచము పట్టినచో మేలైన విత్తనమును, ఎరువును ఎవరికి ఉపయోగము? ఇందు వ్రాసినది వైద్యుని మాటకు బదులుగా గాక, వైద్యునికడకు సకాలమున పోవుటకు ఉపయోగించుకొనుడు.

మూత్రపిండములు చేయు పని

మూత్రపిండములు రెండు. వెన్నెముకకు ఇరుప్రక్కల, ప్రక్కటెముకల అడుగున ఉండును. ఒక్కొక్కటి పిడికిలంత ప్రమాణము. ఒక్కొక్కదానియందు ఇంచుమించు 10 లక్షల సన్నని వడపోత గొట్టములు కలవు. విశ్రాంతిగా ఉన్న మనుష్యుని గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును తోడిపోయుచుండును. అందులో సుమారు అయిదవవంతు ఈ రెండు చిన్న అవయవములకే పోవును. దినమునకు సుమారు 180 లీటర్ల నీరు ఇచ్చట వడకట్టబడును. దానిలో శరీరమునకు కావలసినదంతయు తిరిగి రక్తమున చేరగా, లీటరున్నర మొదలు రెండు లీటర్లవరకు మాత్రము మూత్రముగా వెలికి వచ్చును.

మలినమును వెడలించుటతో మూత్రపిండముల పని తీరదు. ఒంటిలో ఉప్పు, నీరు ఎంత యుండవలెనో అవియే కొలత పెట్టును. రక్తపుపోటును హెచ్చించుటకు, తగ్గించుటకు వానికి అధికారము కలదు. ఎర్రకణములను తయారు చేయుమని ఎముకల మూలుగకు వర్తమానము పంపు ఎరిత్రోపోయిటిన్ అను పదార్థము వానియందే పుట్టును. పొటాషియము, భాస్వరము, సున్నము మనకు ఎరువుల మూలమున పరిచయమైన ధాతువులే. పొలమునకు వలెనే రక్తమునకును అవి ఒక మితమున ఉండవలెను. ఆ మితమును కాపాడుటయు మూత్రపిండముల పనియే.

మూత్రపిండములకును గుండెకును గల ఈ సంబంధమును వైద్యులు గుర్తించి చాల కాలమైనది. 1836లో లండను నగరమున గై ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, మూత్రములో మాంసకృత్తులు పోవుచుండిన 100 మంది రోగుల సంగతులను పట్టికగా ప్రకటించెను. మూత్రపిండములు చెడినవారిలో పలువురికి గుండె పెరిగి దళసరి యగుట ఆయన గమనించెను. రక్తపుపోటును కొలుచు పట్టీ సాధనము ఇంకను పుట్టని కాలమది. ఆయన కనిన దానికి కారణములు ఇప్పుడు మనకు విశదముగా తెలియును.

గుండెకు చేరు అయిదు త్రోవలు

మొదటిది రక్తపుపోటు. మూత్రపిండము చెడినకొలది ఉప్పును బయటికి పంపలేదు. ఉప్పు ఉన్నచోట నీరు నిలుచును. నాళములలో ఒత్తిడి పెరుగును. అదిగాక, దెబ్బతిన్న మూత్రపిండము తనకు రక్తము చాలుట లేదని తలచి, నాళములను బిగియించు రెనిన్ అను పదార్థమును అధికముగా విడుచును. ఇక గుండె ఎత్తుమీది పొలమునకు నీరు తోడు ఇంజనువలె రేయింబవళ్లు బరువుమీద పనిచేయవలసి వచ్చును. బరువు మోయు భుజము గట్టిపడునట్లు గుండె ఎడమగది గోడ దళసరి యగును. భుజము గట్టిపడుట మేలే గాని, గుండె గోడ దళసరి యగుట మేలు కాదు. అది బిరుసెక్కి, సరిగా సడలక, లోనికి రక్తమును పూర్తిగా తీసికొనజాలదు. పెరిగిన రక్తపుపోటు తిరిగి మూత్రపిండములనే మరింత చెరుచును.

రెండవది నీటిబరువు. బయటికి పోని నీరు మొదట పాదములందును, కనురెప్పల క్రిందను వాపుగా కనబడును. పిమ్మట ఊపిరితిత్తులలో చేరును. అప్పుడు రోగి వెల్లకిల పండుకొనలేడు. అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చుండును. దీనిని ఉబ్బసమని తలచి ఉబ్బసపు మందులు వాడి కాలము పోగొట్టుకొనువారు కలరు.

మూడవది రక్తలేమి. ఎరిత్రోపోయిటిన్ తగ్గినందున ఎర్రకణములు తగ్గును. ఎర్రకణములు ప్రాణవాయువును మోయు కావిళ్లవంటివి. కావిళ్లు తక్కువైనచో అదే సరకు చేరవేయుటకు ఎక్కువ తిరుగుళ్లు తిరుగవలెను. అట్లే గుండె వేగముగా కొట్టుకొని, కొంతకాలమునకు అలసి సాగిపోవును.

నాల్గవది నాళములు గట్టిపడుట. రక్తమున భాస్వరము పెరిగి, సున్నము లెక్క తప్పినచో, ఎముకలలో ఉండవలసిన సున్నము రక్తనాళముల గోడలలోను, గుండె కవాటములలోను పేరుకొనును. మెత్తని రబ్బరు గొట్టమువలె ఉండవలసిన నాళము మట్టిగొట్టమువలె బిరుసెక్కును. కొవ్వు పేరుకొని గుండెపోటు వచ్చుటకును ఇది తోడుపడును.

అయిదవది పొటాషియము. రక్తమున ఇది లీటరునకు 3.5 మొదలు 5 మిల్లీమోలుల వరకు ఉండవలెను. 6 దాటినచో అపాయము. గుండె కొట్టుకొను తాళము ఈ ధాతువుమీద ఆధారపడియున్నది. మితిమీరినచో తాళము తప్పి, గుండె హఠాత్తుగా నిలిచిపోవచ్చును. మొదటి నాలుగు త్రోవలు మాసములలో, సంవత్సరములలో చంపగా, ఇది గంటలలో చంపగలదు.

ఈ త్రోవలలో రాకయు పోకయు కలవు. గుండె నీరసించినప్పుడు మూత్రపిండములకు చాలినంత రక్తము అందక అవియు చెడును. కాబట్టి రెంటిలో ఒకటి చెడినదని తెలిసినప్పుడు రెండవదానిని కూడ పరీక్షింపవలెను.

ఉద్దానము నేర్పు పాఠము

ఈ వ్యాధి రైతుకుటుంబములను ఎంత నలపగలదో చూచుటకు దూరము పోనక్కరలేదు. మన తూర్పుకనుమలు దిగి ఈశాన్యముగా సముద్రతీరమునకు పోయినచో శ్రీకాకుళము జిల్లాలో ఉద్దానమను సీమ కలదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలముల గ్రామములు అందు చేరును. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండు నేల. అట్టి నేలయందే కొన్ని దశాబ్దములుగా తోటపని, పొలముపని చేయు స్త్రీపురుషులకు దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి మిక్కిలిగా వచ్చుచున్నది. ఇతర స్థలములలో ఈ వ్యాధికి మూలము తరచుగా మధుమేహమో రక్తపుపోటో అయియుండును. ఉద్దానములో అనేకులకు ఆ రెండును లేకయే వ్యాధి ఆరంభమగుచున్నది. త్రాగునీటిలోని ఖనిజములు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోవునట్లు పనిచేయుట, వంశపారంపర్యము మొదలగు కారణములను పరిశోధకులు విచారించిరి. ఏ ఒక్కటియు కారణమని రుజువు కాలేదు. సింహళద్వీపపు ఉత్తరమధ్య రాష్ట్రములోని వరిరైతులకును, మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడోర్ దేశములలో చెరకు నరకు కూలీలకును ఇట్టి వ్యాధియే కలదు. ఎచ్చటను కష్టజీవులే దీనికి గురియగుచున్నారు.

ప్రభుత్వము 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రిని, మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభించెను. హిరమండలము జలాశయము నుండి ఉద్దానము గ్రామములకు శుద్ధిచేసిన త్రాగునీరు తెచ్చు పథకమును ఆ దినమే ఆరంభించిరి.

ఉద్దానపు వ్యాధియందు మనము ముఖ్యముగా నేర్చుకొనవలసినది ఒకటి కలదు. అది మొదట వడపోత గొట్టముల ప్రక్కభాగములను చెరుచును. కావున మూత్రములో మాంసకృత్తులు అంతగా కనబడవు, వాపు ఉండదు, రక్తపుపోటు సయితము ఆరంభమున సరిగానే ఉండవచ్చును. మనుష్యుడు తోటపని చేసికొనుచునే యుండును. మూత్రపిండముల శక్తి చాల భాగము పోయిన తరువాత రక్తలేమి, పోటు, ఆయాసము ఒక్కుమ్మడి బయటపడును. అప్పటికే గుండె కొంత చెడియుండును. కాబట్టి మూత్రపరీక్ష ఒక్కటి చాలదు; రక్తములో క్రియాటినిన్ పరీక్షయు చేయించవలెను.

వ్యాధి ముదిరినవారికి యంత్రముతో రక్తమును శుద్ధిచేయుదురు. దీనిని డయాలిసిస్ అందురు. సాధారణముగా వారమునకు మూడుమారులు, మారునకు నాలుగుగంటలు పట్టును. ఒక శుద్ధికిని మరియొక శుద్ధికిని నడుమ నీరు, పొటాషియము ఒంటిలో చేరుచునే యుండును. రెండుదినముల ఎడము వచ్చినప్పుడు గుండెకు ముప్పు హెచ్చుచున్నదని వేలకొలది రోగుల లెక్కలను చూచి వైద్యులు తేల్చిరి. ఘాటురోడ్డుమీద బండి దొరకలేదనియో, పనులున్నవనియో ఒకమారు మానుట ఎంత అపాయకరమో దీనివలన గ్రహింపవచ్చును.

మన కొండలలో మూత్రపిండములకు గల ముప్పులు

అరకు, పాడేరు ప్రాంతములలో ఉద్దానపు వ్యాధి కలదని మేము చెప్పుట లేదు. ఇచ్చట మూత్రపిండములను చెరుచు త్రోవలు వేరుగా కలవు.

మలేరియా జ్వరము తీవ్రమైనచో మూత్రపిండములు కొద్దిదినములలోనే పనిమానవచ్చును. జ్వరము వచ్చిననాడే రక్తపరీక్ష చేయించి, మందు పూర్తిగా మ్రింగవలెను. రక్తపింజరి కరచినచో విషము మూత్రపిండములకు తగులును. పసరు కట్టించుకొని కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

పిల్లలకు గజ్జి, చీముపుండ్లు, గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండుమూడు వారములకు ముఖము ఉబ్బి, మూత్రము టీ డికాషను రంగున వచ్చినచో అది మూత్రపిండముల వాపు. ఇట్టి బిడ్డకు నీరు నిలిచి, పోటు పెరిగి, గుండె చాలకపోవుట ఒకటిరెండు దినములలోనే సంభవింపవచ్చును. సకాలమున వైద్యము చేయించిన పిల్లలు చాలమంది పూర్తిగా కోలుకొందురు. చీముపుండును చిన్నదని విడువరాదనుటకు ఇది కారణము.

సికిల్ సెల్ అను వంశపారంపర్య రక్తవ్యాధి గిరిజన కుటుంబములలో కలదు. అది మూత్రపిండములకును గుండెకును కూడ హానిచేయును. 2023 జూలై 1న కేంద్రప్రభుత్వము ఈ వ్యాధి నిర్మూలనకు కార్యక్రమము ప్రారంభించెను. పరీక్ష చేయువారు గ్రామమునకు వచ్చినప్పుడు తప్పించుకొని పొలము పోవద్దు.

కడపటిది నొప్పిమాత్రలు. కాఫీ బస్తాలు మోసి నడుము పట్టినవారు సంతలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కొని వారములతరబడి మ్రింగుదురు. అవి మూత్రపిండములకు పోవు రక్తమును తగ్గించును, ఉప్పును నిలుపును, పోటును పెంచును. మూత్రపిండములు, గుండె రెండును ఒక్క మాత్రతో చెడునని జ్ఞాపకముంచుకొనుడు. పేరు తెలియని పసరులు, భస్మములు కూడ ఇట్లే అపాయకరములు.

గుర్తులు, పరీక్షలు

పాదములు నొక్కినచో గుంటపడుట, ఉదయము కండ్లక్రింద ఉబ్బు, మూత్రమున నిలిచియుండు నురుగు, రాత్రి పలుమారులు మూత్రమునకు లేచుట, మెట్టయెక్కునప్పుడు మునుపులేని ఆయాసము, పండుకొన్నప్పుడు దగ్గు, పాలిపోయిన ముఖము, ఆకలి లేమి: వీనిలో ఏది కనబడినను పరీక్షకు పోవలెను. కూర్చున్నను ఊపిరాడకున్నను, రొమ్మునొప్పి వచ్చినను, కాళ్లుచేతులు సత్తువ తప్పి గుండె తాళము తప్పినట్లు తోచినను 108 బండిని పిలువవలెను.

పరీక్షలు మూడు. రక్తపుపోటు కొలుచుట, 140/90 మొదలు హెచ్చు. మూత్రములో ఆల్బుమిన్ చూచుట. రక్తములో క్రియాటినిన్ చూచి మూత్రపిండముల వడపోత శక్తిని లెక్కకట్టుట. ఈ లెక్క 60కి దిగువ మూడు మాసములు నిలిచినచో దీర్ఘవ్యాధి యనియు, 15కు దిగినచో మూత్రపిండములు విఫలమైనవనియు చెప్పుదురు. పోటు, మధుమేహము కలవారును, ఇంట ఈ వ్యాధి కలవారును సంవత్సరమునకు ఒకమారైనను ఈ మూడును చేయించుకొనవలెను. వ్యాధి యున్నదని తేలినచో గుండెకు ఈసీజీ, ఎకో పరీక్షలు ఎప్పుడు చేయించవలెనో వైద్యుని అడుగవలెను.

మందులు లేకపోలేదు. ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ తరగతికి చెందిన పోటుమందులు తగినవారికి మూత్రపిండమును, గుండెను ఏకకాలమున కాపాడును. డపాగ్లిఫ్లోజిన్ అను మందు మధుమేహము లేని రోగులలోను వ్యాధి వేగమును తగ్గించునని 2020లో ప్రకటించిన పరిశోధన చూపెను. ఏది ఎవరికి తగునో వైద్యుడే చెప్పవలెను. ఒంట్లో బాగున్నదని మందు మానుట మాత్రము తగదు. పోటు నొప్పి పెట్టదు. అందుచేతనే అది అంత అపాయము.

తిండి, త్రాగుడు

పెద్దవారికి దినమునకు అన్ని పదార్థములలో కలసి 5 గ్రాములకు తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది చిన్న చెంచాడు మాత్రమే. చోడి అంబలిలో నంజుకొను ఎండుచేప, ఊరగాయ, సంతలో కొను కారపు పొట్లములు ఈ లెక్కను తెలియకుండ దాటించును. చుట్ట, అడ్డపొగ నాళములను చెరుచును గనుక మానవలెను.

ఆరోగ్యముగా ఉండి ఎండలో పనిచేయువారు దాహమునకు ముందే నీరు త్రాగుచుండవలెను. నడిఎండలో కొంతసేపు నీడపట్టున ఉండవలెను. మూత్రపిండములు చెడి వాపు వచ్చినవారికి ఈ మాట వర్తింపదు. వారు వైద్యుడు చెప్పిన కొలతకు మించరాదు.

ఇంకొక హెచ్చరిక. నీరసించినవారికి కొబ్బరినీరు, అరటిపండు పెట్టుట మన ఆచారము. అవి మంచి పదార్థములే. కాని రెంటియందును పొటాషియము హెచ్చు. మూత్రపిండములు బాగుగా చెడినవారికి ప్రేమతో ఇచ్చిన కొబ్బరినీరే గుండెను నిలుపవచ్చును. సోడియము తగ్గించినదని అమ్ము ఉప్పునందు పొటాషియము కలుపుదురు గనుక అదియు వారికి తగదు. రక్తపరీక్ష చూచిన వైద్యుని అడిగియే వీనిని పెట్టవలెను.

సంఘము చేయదగిన పని

పై జాగ్రత్తలలో కొన్ని ఒక్కొక్క ఇంటికి కష్టమైనను, సంఘమునకు సులభములు.

సంఘమునకు కాఫీపండ్లు తూచు కాటా కలదు. ఒంటిలో ఒక లీటరు నీరు నిలిచినచో బరువు ఒక కిలో పెరుగును. వాపు కంటికి కనబడకముందే కాటా చెప్పును. మూత్రపిండముల వ్యాధి, గుండెజబ్బు కలవారు ఉదయము మూత్రవిసర్జన పిమ్మట, అంబలి త్రాగకముందు, ఒకే కాటామీద తూగి బరువు వ్రాయించుకొనవలెను. రెండుమూడు దినములలో రెండుకిలోలు పెరిగినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

రక్తపుపోటు కొలుచు యంత్రమొకటి సంఘము కార్యాలయమున ఉంచవలెను. నవంబరు మొదలు పండ్లకోత కాలమున సభ్యులందరు కాటాకడకు వత్తురు గదా. ఆ దినములలో ఆరోగ్యకేంద్రపు నర్సును, ఆశా కార్యకర్తను పిలిపించినచో ఒక్క పూటలో ఊరందరి పోటును చూచి పుస్తకమున వ్రాయవచ్చును. స్త్రీలను తప్పక చేర్చవలెను. కాన్పుల సమయమున పోటు వచ్చినవారిని మరల మరల చూడవలెను.

డయాలిసిస్‌కు పోవలసిన సభ్యుడున్నచో, అతని దినములను కార్యాలయపు గోడమీద వ్రాసి, ఆ దినమున పట్టణమునకు సరకు తీసికొనిపోవు బండిలో చోటు ఉంచవలెను. అతని పొలముపనికి వంతులు వేసికొనవలెను. అప్పును పంచుకొన్నట్లే ఆపదను పంచుకొనుటయు సహకారమే.

ఈ నెల సమావేశమున కార్యదర్శి ఈ పాఠమును బిగ్గరగా చదివి వినిపించవలెననియు, చదువురాని సభ్యులకు వారి భాషలో తెలియజెప్పవలెననియు కోరుచున్నాము. ఇంటికి పోయిన పిమ్మట ప్రతి సభ్యుడు పెద్దవారి పాదములు నొక్కి చూచి, ఆయాసమున్నదా యని అడిగినచో, ఈ పాఠము వలన మేము కోరిన ఫలము చేకూరినట్లే.